హుండీలో వేసింది, రాతిమీద చెక్కింది

ఇచ్చింది పైకి చెప్పుకోకూడదన్నది దానం గురించి మన ఇళ్లలో పిల్లలకు నేర్పే మొదటి పాఠం. చెప్పుకుంటే దానఫలం పోతుందని మనుస్మృతి నాలుగో అధ్యాయం అంటుంది. తన పుణ్యాన్ని తానే గొప్పగా చెప్పుకున్నందుకు యయాతి స్వర్గం నుంచి జారిపడ్డాడని ఆదిపర్వ కథ. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదన్న బైబిలు మాట తెలుగులో సామెతలా కలిసిపోయింది. పేదలకు గుట్టుగా ఇవ్వడం మరింత మేలని ఖురాన్ రెండో అధ్యాయం చెబుతుంది. పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమనిడీస్ దానానికి ఎనిమిది మెట్లు కట్టి, ఇచ్చినవాడెవరో పుచ్చుకున్నవాడికీ, పుచ్చుకున్నవాడెవరో ఇచ్చినవాడికీ తెలియని దానాన్ని పైనుంచి రెండో మెట్టు మీద పెట్టాడు. ఇన్ని మతాలు ఒక్కమాట మీద నిలబడ్డప్పుడు, రాజకీయ పార్టీకి విరాళమిచ్చినవాడి పేరు బయటపెట్టమని నిలదీయడం అమర్యాదగా తోచవచ్చు. ఇచ్చినవాడు పేరు వద్దన్నాడు, పుచ్చుకున్నవాడు సరేనన్నాడు, మధ్యలో మనకేం పని? ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. దాపరికం దానాన్ని ఎప్పుడు శుద్ధి చేస్తుంది, ఎప్పుడు చెడగొడుతుంది అన్నది ధర్మానికి సంబంధించిన విచారణ. 2018 నుంచి 2024 దాకా నడిచిన ఎన్నికల బాండ్ల పథకం ఆ విచారణను మనకు తప్పనిసరి చేసింది.

పథకం ఎలా నడిచిందో ముందు చూడాలి. 2017 బడ్జెట్ ప్రసంగంలో అరుణ్ జైట్లీ దీన్ని ప్రకటించారు, 2018 జనవరి 2న నోటిఫికేషన్ వచ్చింది. స్టేట్ బ్యాంకు ఎంపిక చేసిన శాఖల్లో మాత్రమే బాండ్లు అమ్మేవారు. వెయ్యి, పదివేలు, లక్ష, పది లక్షలు, కోటి, ఈ అయిదు విలువల్లోనే దొరికేవి. కొన్నవాళ్లు పదిహేను రోజుల్లోగా పార్టీకి అందజేయాలి, పార్టీ తన ఖాతాలో జమ చేసుకోవాలి. బాండు మీద కొన్నవాడి పేరు ఉండదు, పుచ్చుకునే పార్టీ పేరు ఉండదు. చూడడానికి ప్రామిసరీ నోటులా ఉండే కాగితం. అయితే ఆ కాగితాన్ని అతినీలలోహిత కాంతి కింద పెడితే, మామూలు కంటికి ఆనని అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక నంబరు మూలన వెలుగుతుంది. 2018 ఏప్రిల్‌లో ఒక పాత్రికేయురాలు బాండ్లు కొని, ప్రయోగశాలలో పరీక్ష చేయించి ఈ సంగతి బయటపెట్టారు. నకిలీలను పట్టుకోవడానికే ఆ నంబరని ప్రభుత్వం అంది. కొన్నవాళ్ల కేవైసీ బ్యాంకు దగ్గర ఎలాగూ ఉంది. కోర్టు అడిగినా, దర్యాప్తు సంస్థ క్రిమినల్ కేసు పెట్టి అడిగినా ఆ వివరాలు ఇవ్వాలని పథకంలోనే రాసి ఉంది. ఓటరు అడిగితే మాత్రం లేదు. 2020 డిసెంబరులో కేంద్ర సమాచార కమిషన్ కూడా దాతల పేర్లు వెల్లడించడంలో ప్రజాప్రయోజనం కనపడలేదని తేల్చింది.

మతాలు గుట్టుదానాన్ని ఎందుకు మెచ్చుకున్నాయో చూస్తే ఈ పథకం ఎక్కడ నిలుస్తుందో తెలుస్తుంది. భగవద్గీత పదిహేడో అధ్యాయం దానాన్ని మూడు రకాలు చేసింది. తిరిగి ఉపకారం చేయలేనివాడికి, ఇవ్వడం నా ధర్మం అనుకుని ఇచ్చేది సాత్త్వికం. ప్రతిఫలం ఆశించి, లోలోపల నొచ్చుకుంటూ ఇచ్చేది రాజసం. ఈ విభజనలో గుట్టు అన్న షరతు లేనే లేదు. ముఖ్యమైన షరతు పుచ్చుకునేవాడు బదులు తీర్చగలడా లేడా అన్నది. ఆ షరతు నిలవడానికి గుట్టు ఒక సాధనం మాత్రమే: ఇచ్చిందెవరో తెలియకపోతే రుణం తీర్చాలన్న భారం పుచ్చుకున్నవాడి మీద పడదు, తీర్చమని అడిగే దారి ఇచ్చినవాడికి ఉండదు. తిరుమల హుండీ ఇందుకు కళ్లెదుటి ఉదాహరణ. గుడ్డ చుట్టి వేలాడదీసిన కొప్పెర నోట్లోకి చెయ్యి వెళ్తుంది, ముడుపు లోపల పడుతుంది, చెయ్యి బయటికి వస్తుంది. ఆ తర్వాత పరకామణిలో కూర్చుని లెక్కపెట్టేవాళ్లకు వందనోటు కూలిమనిషిదో, నోట్లకట్ట కాంట్రాక్టరుదో తెలిసే వీలు లేదు. దాని వల్ల కాంట్రాక్టరుకు దర్శనం ఒక్క నిమిషం కూడా ముందుగా దొరకదు. ఇక్కడ చూపు ఎవరికి లేదో గమనించాలి. దాత పేరు తెలియనిది పుచ్చుకున్న చేతికి. గుట్టుదానంలోని పవిత్రత అంతా ఆ తెలియకపోవడంలోనే ఉంది.

అయితే మన సంప్రదాయం హుండీ ఒక్కటే కాదు, అదే కొండ మీద గోడల నిండా శాసనాలున్నాయి. తిరుమల తిరుపతి ఆలయాల్లో దొరికిన శాసనాలు వెయ్యికి పైమాటే. వాటిలో చాలావరకు దానశాసనాలు. పల్లవ రాజకుటుంబానికి చెందిన సామవాయి సమర్పించిన వెండి విగ్రహం, నగలు, భూమి గురించి శాసనముంది. 1513 నుంచి కృష్ణదేవరాయలు కొండకు వచ్చి ఇచ్చిన కానుకల జాబితాలు తెలుగులో, తమిళంలో, కన్నడంలో చెక్కించి ఉన్నాయి. చెప్పుకుంటే పుణ్యం పోతుందని నమ్మిన మనుషులే ఇంత పెద్ద అక్షరాలతో ఎందుకు చెప్పుకున్నారు? కీర్తికాంక్ష కొంత ఉండే ఉంటుంది, కాదనలేం. కానీ శాసనంలో ఏం రాశారో చదివితే అంతకు మించిన కారణం కనపడుతుంది. దాత ఎవరు, ఇచ్చింది ఎంత, భూమి అయితే ఏ ఊరిది, ఆ ఆదాయంతో ఏ రోజు ఏ నైవేద్యం పెట్టాలి, ఆ పూచీ ఎవరిది అన్నీ ఉంటాయి. విజయనగర కాలపు శాసనాల్లో ఇంకొకటి కూడా ఉంటుంది: తాను కట్టిన సొమ్ముతో తయారైన ప్రసాదంలో దాతకు నాలుగో వంతు చెందుతుందన్న నిబంధన. అంటే ఇచ్చినవాడికి తిరిగి వచ్చేదేమిటో, ఎంతో, అదీ రాతిమీదే ఉంది. గుడికి వచ్చినవాడెవడైనా చదవవచ్చు. స్థానాధికారులు అంతకు మించి ఇవ్వలేరు, దాత అంతకు మించి అడగలేడు, ఇచ్చినదాన్ని వచ్చే తరం మింగేయలేదు.

కాబట్టి మన పూర్వులు నడిపింది రెండు దారులు. తిరిగి ఇవ్వలేని చోట, ఇవ్వనక్కరలేని చోట దానం హుండీలో పడింది. ఒక వ్యవస్థకు ఇచ్చి, దానితో బాధ్యతలూ హక్కులూ ముడిపడిన చోట దానం రాతికెక్కింది. ఈనాటికీ ఆ తేడా చెదరలేదు. తిరుమల దేవస్థానం వారి శ్రీవాణి ట్రస్టుకు 10,000 రూపాయలిచ్చినవారికి బ్రేక్ దర్శనం కల్పించే పద్ధతి దేవుడి దగ్గర తగునా అని ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నో వాదనలు జరిగాయి. వాదించుకోగలిగాం, ఎందుకంటే ఎంత ఇస్తే ఏం వస్తుందో బహిరంగంగా ఉంది. రాజకీయ పార్టీకి ఇచ్చే విరాళం ఈ రెండు దారుల్లో దేనికి చెందుతుంది? పార్టీ నిస్సహాయురాలైన పేదరాలు కాదు. ఈరోజో రేపో గనుల లీజులు, ప్రాజెక్టుల టెండర్లు, పన్ను రాయితీలు, పోలీసు కేసులు దాని చేతిలోకి వస్తాయి. దేశంలో బదులు తీర్చే శక్తి అందరికన్నా ఎక్కువగా ఉన్న గ్రహీత అదే. పైగా ఆ బదులు దాని సొంత సొమ్ములోంచి రాదు. బలిచక్రవర్తి వామనుడికి ఇచ్చింది తన రాజ్యాన్ని, తన తలను. శుక్రాచార్యుడు అడ్డుపడినా, వచ్చింది ఎవరో తెలిసినా, ఇచ్చింది తనది కాబట్టి ఆ దానం దానమైంది. పార్టీ తన దాతకు తిరిగి ఇచ్చేది మన భూమి, మన నీరు, మన ఖజానా. మన ఆస్తి మీద కుదిరే ఒడంబడిక మన కంటపడే చోట ఉండాలని అడగడానికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు.

ఎన్నికల బాండ్లు చేసిన తప్పు ఇక్కడుంది. శాసనంలోని ప్రతిఫలానికి హుండీలోని చీకటిని అవి జతచేశాయి. దాత పేరు ఓటరుకు తెలియకుండా కట్టుదిట్టం చేశాయి, పుచ్చుకున్న పార్టీకి తెలియకుండా మాత్రం ఏ కట్టడీ లేదు. బాండు పట్టుకుని దాతే స్వయంగా పార్టీ ఆఫీసుకు వెళ్లి ఇవ్వవచ్చు, ఫోన్ చేసి చెప్పవచ్చు. అమ్ముడైన బాండ్ల విలువలో 90 శాతానికి పైగా కోటి రూపాయల బాండ్లదే. కోట్లు ఇచ్చినవాడెవడో పుచ్చుకున్నవాడికి తెలియదంటే నమ్మడం కష్టం. అలా చెప్పిన పార్టీలూ లేకపోలేదు. 2019 ఏప్రిల్ 3న పట్నాలోని తమ కార్యాలయానికి ఎవరో వచ్చి సీలు వేసిన కవరు ఇచ్చి వెళ్లారని, తెరిచి చూస్తే కోటి చొప్పున పది బాండ్లు ఉన్నాయని, ఇచ్చిందెవరో తమకు తెలియదని జనతాదళ్ (యునైటెడ్) ఎన్నికల సంఘానికి రాసి ఇచ్చింది. తమ ఆఫీసు డ్రాప్‌బాక్సులో బాండ్లు వేసి వెళ్లారని తృణమూల్ కాంగ్రెస్ చెప్పింది. ఆ మాటలు అక్షరాలా నిజమే అనుకుందాం. అప్పుడు అది నిజంగానే హుండీ, దాన్ని తప్పుపట్టనక్కరలేదు. కానీ డీఎంకే తన దాతలను అడిగి పేర్లు రాబట్టి సుప్రీంకోర్టుకు ఇచ్చింది. అన్నాడీఎంకే, జేడీఎస్ కూడా చెప్పాయి. తెలుసుకోదలచిన పార్టీకి తెలుసుకోవడం ఎంత సులువో దీన్నిబట్టే తెలుస్తోంది. మైమనిడీస్ మెట్లలో ఇలాంటి దానానికి చోటే లేదు: ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ ఒకరినొకరు తెలుసు, ఎవరి ఆస్తి చేతులు మారనుందో వాళ్లకే తెలియదు.

పథకాన్ని సమర్థించినవారి వాదనల్లో గట్టిది భయం. ఒక పార్టీకి ఇచ్చినట్టు తెలిస్తే రెండో పార్టీ అధికారంలోకి వచ్చాక కక్ష తీర్చుకుంటుంది, కాబట్టి దాతకు రక్షణ కావాలి అని ప్రభుత్వం సుప్రీంకోర్టులో వాదించింది. ఈ భయం కల్పితం కాదు. మన రాష్ట్రాల్లో ప్రభుత్వం మారగానే ఎవరి బిల్లులు ఆగిపోతాయో, ఎవరి గేటు ముందుకు అధికారులు వస్తారో కాంట్రాక్టర్లనడిగితే చెబుతారు. కానీ ఈ రక్షణ ఎవరి నుంచి ఎవరికి? వివరాలన్నీ ప్రభుత్వరంగ బ్యాంకులో ఉన్నాయి, దర్యాప్తు సంస్థలు కేసు పెట్టి అడగవచ్చు, ఆ సంస్థలు అధికారపార్టీ చేతిలో ఉన్నాయి. కక్ష తీర్చుకోగల శక్తి ఉన్నవాడికి తలుపు తెరిచి, కక్ష తీర్చుకోలేని ఓటరుకు మూసిన గుట్టును రక్షణ అని ఎలా అంటాం? ఇక ధైర్యం సంగతికి వస్తే, 1921లో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని తీర్మానించింది. అప్పుడు కక్ష తీర్చుకోగలవాడు బ్రిటిషువాడు. అయినా గాజులు ఒలిచి ఇచ్చిన ఆడవాళ్లు నలుగురిలో ఇచ్చారు, మూడు లక్షలిచ్చిన ఆర్దేశిర్ గోద్రెజ్ పేరు దేశానికి తెలుసు. గడువులోగా కోటి రూపాయలు పోగయ్యాయి. విప్లవకారులకు చాటుగా ఇచ్చినవాళ్లూ ఉన్నారు నిజమే, వాళ్లకు ఉరికంబం ఎదురుగా ఉంది. ఆ చాటును వేల కోట్ల వ్యాపారం చేసే సంస్థ తన టర్నోవరు కోసం అరువు తెచ్చుకోవడం న్యాయం కాదు.

ఓటు రహస్యమైనప్పుడు విరాళం ఎందుకు కాకూడదన్నది రెండో అభ్యంతరం. పార్టీకి డబ్బివ్వడం కూడా ఒక రాజకీయాభిప్రాయమే కదా అంటారు. దీనిలో సగం నిజముంది, సుప్రీంకోర్టు ఆ సగాన్ని ఒప్పుకుంది కూడా. 2024 ఫిబ్రవరి 15న పథకాన్ని కొట్టివేసిన అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అభిమానంతో ఇచ్చే విరాళానికి గోప్యత వర్తిస్తుందని, విధానాలను ప్రభావితం చేయడానికి ఇచ్చేదానికి వర్తించదని గీత గీసింది. ఓటుకు గోప్యత ఎందుకొచ్చిందో గుర్తు తెచ్చుకుంటే ఆ గీత సరైనదేనని తెలుస్తుంది. ఊళ్లో భూస్వామి కూలివాడి ఓటును చూడకూడదని పెట్టిన తెర అది. దాని వెనుక ప్రతి మనిషికీ ఒక్కటే ఓటు. విరాళం అలా సమానంగా పంచబడలేదు. కోటి రూపాయల బాండు కొన్నవాడి మాట, పార్టీ కార్యకర్తకు అయిదువందల చందా ఇచ్చినవాడి మాట ఒకే చెవిలో ఒకే బరువుతో పడవు. జాన్ స్టూవర్ట్ మిల్ ఓటు కూడా బహిరంగంగా ఉండాలని 1861లో వాదించాడు, ఎందుకంటే ఇతరుల జీవితాలను శాసించే అధికారమేదైనా జవాబుదారీ కావాలన్నాడు. ఓటరు విషయంలో ఆయన మాటను మనం పాటించకపోవడం మంచిదే, కూలివాడికి ఆ తెర కావాలి. కానీ ఆ మాట దాత విషయంలో అతికినట్టు సరిపోతుంది. బలహీనుడికి కట్టిన తెర బలవంతుడి గుమ్మానికి వేలాడదీయడానికి కాదు.

నల్లధనం మాటేమిటని అడిగేవారికి జవాబు చిన్నదే. బాండ్లకు ముందు సంచుల్లో నోట్లకట్టలు తిరిగేవి, బాండ్ల కాలంలోనూ తిరిగాయి. ఎన్నికల ముందు చెక్‌పోస్టుల దగ్గర ఏం పట్టుబడుతోందో ప్రతి తెలుగు పాఠకుడికీ తెలుసు. బ్యాంకు గుండా రావడం వల్ల డబ్బు తెల్లదనిపించుకుంటుంది, ఒప్పందం తెల్లదైపోదు.

గుట్టుదానం వాదనను పూర్తిగా కూల్చేది మరొకటుంది, దాని గురించి చర్చ తక్కువ. దానానికి మొదటి షరతు, ఇచ్చేది తనదై ఉండాలి. కంపెనీ సొమ్ము డైరెక్టర్లది కాదు, వాటాదార్లది. 1957లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ పార్టీలకు విరాళాలిచ్చే వీలు కోసం తన నిబంధనావళి సవరించుకోబోతే, బొంబాయి హైకోర్టులో జస్టిస్ ఎం.సి.చాగ్లా చట్టం అడ్డురాదు గనుక అనుమతిస్తూనే, ఇది పెరిగి ప్రజాస్వామ్యం గొంతు నులమగలదని హెచ్చరించారు. 1969లో కంపెనీ విరాళాలను నిషేధించారు. నిషేధం డబ్బును ఆపలేదు, లెక్కల్లోంచి మాయం చేసింది. 1985లో తిరిగి అనుమతించి, సగటు లాభంలో 5 శాతం పరిమితి పెట్టారు. 2013 చట్టంలో అది మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతం అయింది. 2017లో ఆ పరిమితినే తీసేశారు, ఏ పార్టీకి ఎంత ఇచ్చారో కంపెనీ తన లెక్కల్లో చెప్పనక్కర్లేదన్నారు. పథకం నడిచినన్నాళ్లూ నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఇవ్వగలిగేది. కూతురి పెళ్లికని నాలుగు షేర్లు కొనుక్కున్న ఉద్యోగి, పింఛను సొమ్ము మ్యూచువల్ ఫండులో పెట్టిన రిటైర్డ్ టీచరు, తమ డబ్బు తమకు నచ్చని పార్టీకి వెళ్లిందేమో కూడా తెలుసుకోలేకపోయారు. ఒకరి సొమ్ము ఇంకొకరు, అసలు యజమానికి చెప్పకుండా, మూడోవాడికి ఇవ్వడాన్ని ఏ ధర్మశాస్త్రమూ దానమని ఒప్పుకోదు.

పేర్లు బయటికొస్తే ఒరిగేదేముందని విసిగిపోయినవారు కూడా అడుగుతారు. 2024 మార్చి 14న ఎన్నికల సంఘం జాబితా పెట్టింది, వారం తర్వాత ఏ బాండు ఏ పార్టీకి చేరిందో తేల్చే నంబర్లూ వచ్చాయి. మొదట జూన్ 30 దాకా గడువడిగిన స్టేట్ బ్యాంకు కోర్టు మందలించగానే ఒక్కరోజులో వివరాలు అప్పగించింది. 2019 ఏప్రిల్ నుంచి బీజేపీకి సుమారు 6,060 కోట్లు, తృణమూల్‌కు 1,609, కాంగ్రెస్‌కు 1,421, తెలంగాణ ఒక్క రాష్ట్రాన్నే పాలించిన బీఆర్ఎస్‌కు 1,214 కోట్లు, వైఎస్సార్‌సీపీకి 337, తెలుగుదేశానికి 218 కోట్లు వచ్చాయని తెలిసింది. కొన్నవారిలో లాటరీ కంపెనీ మొదటిది, హైదరాబాదు కేంద్రంగా ప్రాజెక్టులు కట్టే మేఘా ఇంజనీరింగ్ 966 కోట్లతో రెండోది. ప్రతి బాండు వెనుకా ముడుపు ఉందని ఈ జాబితా రుజువు చేయదు, అలా అనడం అన్యాయం. ప్రత్యేక దర్యాప్తు కావాలన్న పిటిషన్లను కోర్టు ఆగస్టులో తోసిపుచ్చింది. ఎవరికీ శిక్ష పడలేదు, ఏ టెండరూ రద్దు కాలేదు. అయినా శాసనం దొంగను పట్టుకోవడానికి చెక్కింది కాదు గదా. గుడికి వచ్చే ప్రతివాడూ చదివి ప్రశ్నించగలిగేలా చెక్కింది. ప్రాజెక్టు వ్యయం ఎందుకు పెరిగిందని అడిగే పౌరుడి చేతిలో ఇప్పుడు ఒక తేదీ, ఒక మొత్తం ఉన్నాయి. అంతకుముందు అనుమానం మాత్రమే ఉండేది, అనుమానం మీద నిలబడి అడిగేవాడిని దబాయించి పంపేయడం తేలిక.

మిగిలిన చీకటి కూడా తక్కువేం కాదు. 20,000 రూపాయలు మించని విరాళాలిచ్చినవారి పేర్లు పార్టీలు ఎన్నికల సంఘానికి చెప్పనక్కర్లేదు. చిన్నదాతకు ఈ గోప్యత ఉండాల్సిందే, హుండీలో వందనోటు వేసిన చేతికున్న హక్కే అతనికీ ఉంది. కానీ పెద్ద మొత్తాన్ని చిన్న రసీదులుగా చీల్చి ఇదే దారిలో నడిపిస్తే పట్టుకునే మార్గం లేదు. పేరు లేని చిన్న విరాళాలన్నీ కలిపి 20 కోట్లు గానీ, పార్టీకి వచ్చిన విరాళాల్లో 20 శాతం గానీ, రెంటిలో ఏది తక్కువైతే అది దాటితే ఆ పేర్లూ చెప్పాలని లా కమిషన్ 2015 నాటి తన 255వ నివేదికలో సూచించింది. హుండీకి హద్దు ఎక్కడో, శాసనం ఎక్కడ మొదలవ్వాలో చెప్పే గీత అది. పార్లమెంటులో దాన్ని చట్టం చేయగలిగేది ఈ విరాళాలు పుచ్చుకుంటున్న పార్టీలే. తీర్పు వచ్చిన తర్వాత కూడా ఏ పెద్ద పార్టీ ఆ బిల్లు తెస్తానని ముందుకు రాలేదు.